టైటిల్‌లో ‘కమ్మ’ పోయింది, ‘రెడ్లు’ పోయింది.. ‘కడప’ మాత్రం ఎందుకు ఉండిపోయింది? పొలిటికల్ సెటైర్ సినిమాల అసలు కథ ఇదీ!

రిలీజ్‌కు ముందు సినిమా పేరు మారడం మామూలే. కానీ 2019 చివర్లో వచ్చిన ఓ సినిమా పేరు మారిన తీరు చూస్తే ఇప్పటికీ ఆసక్తిగానే ఉంటుంది. మొదట పెట్టిన పేరు ‘కమ్మ రాజ్యంలో కడప రెడ్లు’. థియేటర్‌కు వచ్చేసరికి అది ‘అమ్మ రాజ్యంలో కడప బిడ్డలు’ అయింది.

‘కమ్మ’ కాస్తా ‘అమ్మ’ అయింది. ‘రెడ్లు’ స్థానంలో ‘బిడ్డలు’ వచ్చారు. మధ్యలో ఉన్న ‘కడప’ జోలికి మాత్రం ఎవరూ వెళ్లలేదు. రెండు కులాల పేర్లు తీసేస్తే గొడవ సద్దుమణుగుతుందని అందరూ అనుకున్నారు. ఒక ఊరి పేరుని అలా వాడుకోవడం మాత్రం పెద్ద సమస్యగా కనిపించలేదు.

రాజకీయ నాయకుల మీద తీసే సెటైర్ సినిమాలు ఎలా పుడతాయి? సెన్సార్ దగ్గర ఏం జరుగుతుంది? ఎవరు కోర్టుకు వెళ్తారు? చివరికి కడప, కర్నూలు జనానికి వీటి వల్ల ఒరిగేదేంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

2019లో అసలేం జరిగింది?

2019 మేలో ఏపీలో ప్రభుత్వం మారింది. వైసీపీ గెలిచింది, టీడీపీ ఓడింది. ఆ వెంటనే దర్శకుడు రాంగోపాల్ వర్మ ఈ సినిమా ప్రకటించారు. సిద్ధార్థ్ తాతోలుతో కలిసి డైరెక్ట్ చేశారు. కథ నడిచేది విజయవాడలో. కొత్తగా అధికారంలోకి వచ్చిన నాయకుడు, ఓడిపోయిన పాత ముఖ్యమంత్రి, వాళ్ల చుట్టూ ఉండే మనుషులే ఇందులో పాత్రలు.

మలయాళ నటుడు అజ్మల్ అమీర్ చేసిన పాత్ర పేరు వీఎస్ జగన్నాథరెడ్డి. ఎవరిని ఉద్దేశించి పెట్టిన పేరో చెప్పక్కర్లేదు. చంద్రబాబు నాయుడును పోలిన పాత్రలో ధనంజయ్ ప్రభునే కనిపించారు. పార్టీ పేరు ‘వెలుగుదేశం’. నారా లోకేశ్‌ను గుర్తుచేసే పాత్ర మీద ‘పప్పులాంటి అబ్బాయి’ అంటూ పాట కూడా వదిలారు. కేఏ పాల్‌ను పోలిన పాత్ర కూడా ఉంది.

నవంబర్ 29న రిలీజ్ అన్నారు. ఈలోపే టైటిల్ మీద అభ్యంతరాలు మొదలయ్యాయి. రెండు కులాల మధ్య చిచ్చు పెట్టేలా ఉందన్నది ప్రధాన ఆరోపణ. తనను కించపరిచారంటూ కేఏ పాల్ తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. సర్టిఫికెట్ ఆలస్యమైంది, అనుకున్న తేదీ దాటిపోయింది. చివరికి సినిమా రివైజింగ్ కమిటీ దాకా వెళ్లి, కొత్త పేరుతో డిసెంబర్ 12న థియేటర్లలోకి వచ్చింది.

పేరులో ఒక అక్షరం మారిస్తే సరిపోతుందా?

సినిమా మొదట్లో ఒక కార్డు పడుతుంది. ‘ఇందులోని పాత్రలు, సన్నివేశాలు కల్పితం, ఎవరినీ ఉద్దేశించినవి కావు’ అని. తర్వాతి సీన్‌లోనే అదే గడ్డం, అదే కళ్లజోడు, అదే నడక. పేరులో మాత్రం ఒక అక్షరం తేడా. జనం నవ్వుతారు. కార్డులో రాసింది ఎవరూ నమ్మరు, నమ్మాలని తీసినవాళ్లూ అనుకోరు.

మరి అలాంటప్పుడు ఆ కార్డు ఎందుకు? కోర్టులో వాదనకు అది ఒక ఆధారం. కానీ పూర్తి రక్షణ మాత్రం కాదు. సినిమాటోగ్రఫీ చట్టం 1952లోని 5బి సెక్షన్ ప్రకారం, ఎవరి పరువుకైనా భంగం కలిగించేలా ఉన్న సినిమాకు సర్టిఫికెట్ నిరాకరించవచ్చు. పాత్ర పేరు మారినా, చూసినవాళ్లు ఫలానా మనిషే అని గుర్తుపట్టగలిగితే పరువు నష్టం వాదన నిలబడే అవకాశం ఉంటుంది.

అదే సమయంలో రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం భావ ప్రకటన స్వేచ్ఛ ఇస్తోంది. ఎస్.రంగరాజన్ కేసులో 1989లో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. గొడవలు చేస్తామని ఎవరో బెదిరించినంత మాత్రాన సినిమాను ఆపకూడదు, శాంతిభద్రతలు కాపాడటం ప్రభుత్వం పని అన్నది దాని సారాంశం. సినిమా వాళ్ల లాయర్లు ఎక్కువగా పట్టుకునేది ఈ తీర్పునే.

సెన్సార్ దగ్గర జరిగేది ఇదీ

ముందుగా సినిమాను ఎగ్జామినింగ్ కమిటీ చూస్తుంది. కట్స్ చెప్పొచ్చు, సర్టిఫికెట్ ఇవ్వొచ్చు, కుదరదని చెప్పొచ్చు. ఆ నిర్ణయం నచ్చకపోతే రివైజింగ్ కమిటీకి వెళ్లొచ్చు. అక్కడా పని కాకపోతే ఒకప్పుడు అప్పిలేట్ ట్రిబ్యునల్ ఉండేది. 2021 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని రద్దు చేసింది. ఇప్పుడు నేరుగా హైకోర్టుకే వెళ్లాలి.

ఇక్కడ ఫోన్‌లో వీడియోలు చూసేవాళ్లు గమనించాల్సిన పాయింట్ ఒకటుంది. ఈ వడపోత అంతా థియేటర్‌లో వేసే సినిమాకు. యూట్యూబ్‌లో పెట్టే ట్రైలర్‌కు, పాటకు సెన్సార్ సర్టిఫికెట్ అవసరం లేదు. అంటే సినిమా మీద కోర్టులో వాదనలు నడుస్తుండగానే, అందులోని ఘాటైన రెండు నిమిషాలు జనం చేతుల్లోకి వచ్చేస్తాయి. సినిమా వారం ఆడినా ఆడకపోయినా క్లిప్ మాత్రం ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

తెలుగులో ఇది కొత్తేం కాదు

1987కు వెళ్దాం. అప్పుడు ముఖ్యమంత్రి ఎన్టీఆర్. ఆయన సినిమా ఇమేజ్, వేషధారణ, పాలన మీద వ్యంగ్యంగా ‘మండలాధీశుడు’ వచ్చింది. డైరెక్టర్ ఎం.ప్రభాకర్‌రెడ్డి. ఎన్టీఆర్‌ను పోలిన పాత్ర చేసింది కోట శ్రీనివాసరావు. అదే ఏడాది ‘గండిపేట రహస్యం’ కూడా వచ్చింది. కాంగ్రెస్ వైపు ఉన్న సూపర్‌స్టార్ కృష్ణ సినిమాల్లోనూ అప్పట్లో ఎన్టీఆర్ పాలన మీద చురకలు ఉండేవి.

ఈ పాత్ర చేసినందుకు విజయవాడలో ఎన్టీఆర్ అభిమానులు తనపై దాడి చేశారని కోట శ్రీనివాసరావు తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఆ తర్వాత ఎన్టీఆర్ ఎదురుపడినప్పుడు మాత్రం నటన బాగుందని మెచ్చుకున్నారని కూడా ఆయనే చెప్పారు. అదే కోట 1999లో విజయవాడ తూర్పు నుంచి బీజేపీ ఎమ్మెల్యేగా గెలిచారు.

దేశం మొత్తం మీద చూస్తే ‘కిస్సా కుర్సీ కా’ కథ ఇంకా దారుణం. అమృత్ నహతా అనే ఎంపీ తీసిన ఆ సినిమా ఇందిరా గాంధీ, సంజయ్ గాంధీల రాజకీయం మీద సెటైర్. ఎమర్జెన్సీ సమయంలో దాని ప్రింట్లు, నెగెటివ్‌ను స్వాధీనం చేసుకుని తగలబెట్టారు. ఈ కేసులో సంజయ్ గాంధీకి, అప్పటి సమాచార మంత్రి వీసీ శుక్లాకు 1979లో కింది కోర్టు జైలు శిక్ష వేసింది. తర్వాత సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నహతా ఆ సినిమాను మళ్లీ కొత్తగా తీయాల్సి వచ్చింది.

విదేశాల్లోనూ ఇదే వరస. హిట్లర్ బలంగా ఉన్న రోజుల్లోనే, 1940లో చార్లీ చాప్లిన్ ‘ది గ్రేట్ డిక్టేటర్’ తీశారు. స్టాలిన్ చనిపోయాక కుర్చీ కోసం జరిగిన కొట్లాట మీద తీసిన ‘ది డెత్ ఆఫ్ స్టాలిన్’కు 2018 జనవరిలో రష్యా ప్రభుత్వం ప్రదర్శన అనుమతి రద్దు చేసింది.

సెటైరా? ప్రచారమా? తేడా ఎక్కడుంది?

పైన చెప్పిన సినిమాల్లో ఒక కామన్ పాయింట్ ఉంది. చాప్లిన్ నవ్వింది పదవిలో ఉన్న నియంతను చూసి. నహతా నవ్వింది ఢిల్లీని ఏలుతున్నవాళ్లను చూసి. ‘మండలాధీశుడు’ వచ్చినప్పుడు ఎన్టీఆర్ సిట్టింగ్ సీఎం. ఆ సినిమా వెనుక ప్రత్యర్థి పార్టీ ఆసక్తి ఉందన్న విమర్శ ఉన్నా, బాణం మాత్రం అధికారంలో ఉన్న మనిషి మీదకే వెళ్లింది.

‘అమ్మ రాజ్యంలో కడప బిడ్డలు’ దగ్గరకు వస్తే సీన్ రివర్స్. అప్పుడు కుర్చీలో ఉన్నది జగన్. సినిమాలో ఆయన్ను పోలిన పాత్ర గంభీరంగా, హీరోలా ఉంటుంది. నవ్వులన్నీ ఓడిపోయినవాళ్ల మీద, వాళ్ల వెంట ఉన్నవాళ్ల మీద. ఓడిన నాయకుడిని సెటైర్ చేయకూడదని రూల్ ఏమీ లేదు. కానీ ఒక పక్కనే నవ్వి, రెండో పక్కన దండ వేస్తే దాన్ని సెటైర్ అనాలా, ప్రచారం అనాలా అన్న అనుమానం వస్తుంది.

ఇంకో తేడా కూడా ఉంది. నాయకుడు చేసిన పనిని పట్టుకుని నవ్విస్తే అది సెటైర్. అతని మాట తీరు, ఒళ్లు, నడక, కొడుకు తినే కూర పట్టుకుని నవ్విస్తే అది మిమిక్రీ దగ్గరే ఆగిపోతుంది. మిమిక్రీ చూసి నవ్వి మర్చిపోతాం. సెటైర్ అయితే ఇంటికెళ్లాక కూడా ఒక ప్రశ్న వెంటాడుతుంది.

కోర్టు మెట్లు అందరూ ఎక్కారు

ఒక పార్టీ వాళ్లే సినిమాలు ఆపించారనుకుంటే పొరపాటు. ఎవరి మీద సినిమా వస్తే వాళ్లు ఆపాలని చూశారు. టైమ్‌లైన్ చూడండి.

2019 మార్చి: వర్మ తీసిన ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’ మిగతా చోట్ల మార్చి 29న రిలీజైంది. ఏపీలో మాత్రం ఎన్నికల ముందు హైకోర్టు స్టే వచ్చింది. పోలింగ్ అయిపోయాక మే 1న రిలీజ్ చేద్దామనుకుంటే, కోడ్ అమల్లో ఉందంటూ ఎన్నికల సంఘం ఒప్పుకోలేదు. అయినా ఆ రోజు కడప జిల్లాలోని కొన్ని థియేటర్లలో షోలు పడ్డాయి. ఎన్నికల అధికారులు సీరియస్ అయ్యారు. చివరికి ఏపీలో సినిమా వచ్చింది మే 31న. జగన్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన మర్నాడే!

2023 డిసెంబర్: జగన్ రాజకీయ ప్రయాణం మీద వర్మ తీసిన ‘వ్యూహం’ను ఆపాలని టీడీపీ తరఫున లోకేశ్ తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. డిసెంబర్ 29న రావాల్సిన సినిమా ఆగింది. 2024 జనవరిలో కోర్టు సర్టిఫికెట్‌ను పక్కనపెట్టి, మళ్లీ పరిశీలించాలని బోర్డుకు చెప్పింది. చివరికి మార్చి 2న రిలీజైంది.

2024 ఫిబ్రవరి: అమరావతి రైతుల కథతో, అప్పటి ప్రభుత్వాన్ని విమర్శిస్తూ ‘రాజధాని ఫైల్స్’ వచ్చింది. ఈసారి వైసీపీ వైపు నుంచి కోర్టుకు వెళ్లారు. ఫిబ్రవరి 15న రిలీజైన రోజే షోలు ఆగాయి. మర్నాడు హైకోర్టు లైన్ క్లియర్ చేసింది.

2024 నవంబర్: ప్రభుత్వం మారాక, ఐదేళ్ల కిందటి ‘కమ్మ రాజ్యంలో కడప రెడ్లు’ టైటిల్ మీద వర్మపై ఏపీ సీఐడీ కేసు పెట్టింది. 2025 మార్చిలో హైకోర్టు ఆ కేసులో ఆయనకు తాత్కాలిక ఊరట ఇచ్చింది.

అంటే భావ ప్రకటన స్వేచ్ఛ అనే మాట ప్రతి పార్టీకీ ఇష్టమే. అవతలి వాళ్ల మీద సినిమా వచ్చినప్పుడు!

సినిమాలు ఓట్లు మారుస్తాయా?

సీమ లెక్కలే చూద్దాం. 2019లో ఉమ్మడి కడప జిల్లాలో 10కి 10, ఉమ్మడి కర్నూలు జిల్లాలో 14కి 14 సీట్లు వైసీపీవే. 2024 ఎన్నికల ముందు జగన్‌కు అనుకూలంగా ‘యాత్ర 2’ వచ్చింది, ‘వ్యూహం’ వచ్చింది. ఫలితం? ఉమ్మడి కడపలో వైసీపీకి మిగిలింది 3 సీట్లు. పులివెందుల, బద్వేలు, రాజంపేట. ఉమ్మడి కర్నూలులో 2. ఆలూరు, మంత్రాలయం.

2019 ఎన్నికల ముందు కూడా ఇంతే. బాలకృష్ణ హీరోగా ఎన్టీఆర్ బయోపిక్ రెండు భాగాలుగా వచ్చింది. టీడీపీ ఓడిపోయింది. తెర మీద ఎవరు హీరో అయినా, పోలింగ్ బూత్‌లో జనం లెక్క జనానికి ఉంటుందన్నమాట.

మరి ఓట్లే మారనప్పుడు ఈ సినిమాల వల్ల నష్టం ఏంటి? ఆ ప్రశ్నకు జవాబు ‘కడప’ అనే మాట దగ్గరుంది.

ఊరి పేరే ఒక వేషం అయిపోయింది

1999లో ‘సమరసింహారెడ్డి’ హిట్ అయ్యాక తెలుగు సినిమాకు సీమ ఒక ఫార్ములా దొరికింది. తెల్ల చొక్కాలు, సుమోలు, వేట కొడవళ్లు, నాటు బాంబులు. 2003లో ‘ఒక్కడు’ వచ్చాక కర్నూలు కొండారెడ్డి బురుజు కూడా తెర మీద ఫైట్‌కు గుర్తుగా మారిపోయింది. ఫ్యాక్షన్ ఇక్కడ జరగలేదని కాదు. దానివల్ల ఎన్నో కుటుంబాలు నాశనమయ్యాయి. కానీ సినిమా చూపించింది ఆ కుటుంబాల బాధను తక్కువ, కొడవలి మెరుపును ఎక్కువ.

టైటిల్‌లో ‘కడప’ అని పెట్టగానే ప్రేక్షకుడికి కథ సగం తెలిసిపోతుందని తీసేవాళ్ల నమ్మకం. హైదరాబాద్, బెంగళూరుల్లో అద్దె ఇల్లు వెతుక్కునే సీమ కుర్రాడిని ‘మీది కడపా?’ అని నవ్వుతూ అడిగే మాటలో ఉన్నది కూడా అదే సినిమా.

ఇంతకీ కడపకు, నవ్వుకు సంబంధం లేదా? ఉంది, చాలా ఉంది. తెలుగు సినిమాను నవ్వించిన పద్మనాభం పుట్టింది పులివెందుల పక్కన సింహాద్రిపురంలో. ‘మల్లీశ్వరి’ తీసిన బీఎన్ రెడ్డి, విజయా సంస్థను నడిపిన ఆయన తమ్ముడు బి.నాగిరెడ్డి కూడా ఆ పులివెందుల ప్రాంతం వాళ్లే. అన్నదమ్ములిద్దరికీ దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది. దొంగ భక్తిని, పెద్దల డాబును చిన్న పద్యంతో ఎండగట్టిన వేమన పేరు సీమలో ఇంటింటా తెలుసు. ఆ పద్యాలను సేకరించి 1829లో అచ్చు వేయించిన సీపీ బ్రౌన్ ఉద్యోగం చేసింది కూడా కడపలోనే. ఆయన పేరుతో అక్కడ భాషా పరిశోధన కేంద్రం ఉంది. సెటైర్ ఈ నేలకు కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు.

తెర మీదకు రాని అసలు సెటైర్

ఇప్పుడు ఒక్క నెల క్యాలెండర్ చూడండి. 2019 డిసెంబర్.

డిసెంబర్ 12: ‘అమ్మ రాజ్యంలో కడప బిడ్డలు’ రిలీజ్.

డిసెంబర్ 17: అసెంబ్లీలో మూడు రాజధానుల ఆలోచన బయటపెట్టిన సీఎం జగన్. కర్నూలు న్యాయ రాజధాని కావచ్చన్నారు.

డిసెంబర్ 23: కడప జిల్లా సున్నపురాళ్లపల్లెలో స్టీల్ ప్లాంట్‌కు శంకుస్థాపన.

కర్నూలు సంగతి ముందు చూద్దాం. 1937 శ్రీబాగ్ ఒప్పందంలోనే రాజధాని గానీ, హైకోర్టు గానీ సీమకు ఇవ్వాలన్న మాట ఉంది. 1953 అక్టోబర్ 1 నుంచి 1956 వరకు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. తర్వాత అది హైదరాబాద్‌కు వెళ్లిపోయింది. 2020లో మూడు రాజధానుల చట్టం వచ్చింది. 2021 నవంబర్‌లో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. హైకోర్టు అమరావతిలోనే ఉంది.

ఇక స్టీల్ ప్లాంట్. 2007లో వైఎస్ రాజశేఖరరెడ్డి జమ్మలమడుగు ప్రాంతంలో బ్రహ్మణి స్టీల్స్‌కు శంకుస్థాపన చేశారు. 2018 డిసెంబర్ 27న చంద్రబాబు కంబాలదిన్నె దగ్గర మరో శంకుస్థాపన. 2019 డిసెంబర్ 23న జగన్ ఇంకోటి. 2023 ఫిబ్రవరి 15న జిందాల్ గ్రూప్ ప్లాంట్ కోసం మళ్లీ జగన్ చేతుల మీదుగానే భూమి పూజ. నాలుగు కొబ్బరికాయలు, ముగ్గురు ముఖ్యమంత్రులు, మూడు పార్టీలు. ఉక్కు ఇంకా రాలేదు, శిలాఫలకాలు మాత్రం వచ్చాయి.

దీనికన్నా మంచి సెటైర్ సినిమా కథ ఎక్కడ దొరుకుతుంది? ఇందులో ఒక పార్టీని హీరో చేయడానికి వీల్లేదు. ఎవరి గడ్డం, ఎవరి కళ్లజోడు మీదా జోకు వేయక్కర్లేదు. జరిగింది జరిగినట్టు చూపించినా జనం నవ్వుతారు. నవ్వాక ఆలోచిస్తారు. బహుశా అందుకేనేమో, ఈ కథకు ఇంతవరకు ఏ నిర్మాతా ముందుకు రాలేదు.

క్లిప్ మీ ఫోన్‌కు వస్తే..

ఎన్నికలు దగ్గరపడే కొద్దీ ఇలాంటి సినిమాలు, వాటి ముక్కలు మళ్లీ వస్తాయి. చూడొద్దని ఎవరూ అనరు. ఫార్వర్డ్ కొట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

ఒకటి: ఈ సీన్ నవ్విస్తోంది ఎవరి మీద? కుర్చీలో ఉన్నవాళ్ల మీదా, కుర్చీ దిగినవాళ్ల మీదా?

రెండు: నవ్వుతున్నది వాళ్లు చేసిన పని చూసా, లేక వాళ్ల రూపం, యాస, కులం చూసా?

మూడు: నాకు నచ్చిన నాయకుడి మీద ఇదే సీన్ వస్తే నేను ఇలాగే నవ్వుతానా, లేక ఆపేయమంటానా?

టైటిల్‌లో కులాల పేర్లు మార్చడానికి కమిటీలు కూర్చున్నాయి, కోర్టులు వాదనలు విన్నాయి. ఊరి పేరు కోసం అడిగినవాళ్లు లేరు. ఈసారి తెర మీద ‘కడప’ అనో, ‘కర్నూలు’ అనో వినిపిస్తే, తర్వాతి షాట్‌లో కొడవలి వస్తుందా, శిలాఫలకం వస్తుందా అన్నది గమనించండి. శిలాఫలకం వచ్చిన రోజు సీమ మీద అసలైన సెటైర్ సినిమా వచ్చినట్టు.